ఏ ఫర్ ముందు, ఏ ఫర్ వెనుక

పిల్లలూ,

జిల్లాలోని ఊర్లన్నీ ఒకే లిస్టులోకి తేవాలని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మీరు రాసిన ఒక్క లైను, [ఊరు ఫర్ ఊరు ఇన్ మండలం ఫర్ మండలం ఇన్ జిల్లా], ఫొటోలో చూశాను. నేమ్‌ఎర్రర్ అని వచ్చింది, మండలం అనే పేరు నాకు తెలియదు పొమ్మంటోంది పైథాన్, మీరేమో అదే లైన్లో రాశాం కదా పెద్దబాపూ అంటున్నారు. రాశారు, కానీ దాని వంతు రాకముందే వాడేశారు. లొల్లంతా అక్కడే ఉంది.

మీ లిస్టు ఇది:

జిల్లా = [["పానగల్లు", "చర్లపల్లి"], ["చందుపట్ల", "నోముల"]]

మొదటిది నల్గొండ మండలం, రెండోది నకిరేకల్. ఊర్లన్నీ ఒకే వరసలో కావాలి, అంతే కదా. (ఫర్, ఇన్, ఇఫ్, అపెండ్ అని నేను తెలుగులో రాస్తున్నా గానీ మీరు అవి ఇంగ్లీషులోనే కొట్టాలి, జిల్లా, ఊరు లాంటి పేర్లు తెలుగులో పెట్టినా పైథాన్ 3 ఏమీ అనదు.) మామూలు లూపుల్లో, అంటే ఒక్కొక్కదాన్నీ తీసుకుని అదే పని మళ్లీ మళ్లీ చేసే ఫర్ లైన్లలో అయితే మీకు తడబాటే ఉండదు:

ఊర్లు = []
ఫర్ మండలం ఇన్ జిల్లా:
    ఫర్ ఊరు ఇన్ మండలం:
        ఊర్లు.అపెండ్(ఊరు)

దీన్ని ఒక్క లైన్లోకి తేవాలంటే ఫర్‌లను పైనుంచి కిందికి ఎట్ల ఉన్నాయో అదే వరసలో ఎడమ నుంచి కుడికి రాయండి, అట్టడుగున ఉన్న ఊరును మాత్రం తీసి అన్నిటికన్నా ముందు పెట్టండి:

[ఊరు ఫర్ మండలం ఇన్ జిల్లా ఫర్ ఊరు ఇన్ మండలం]

చోటు మారేది ఆ ఒక్కటే. ఊరు ముందుకొచ్చింది కాబట్టి ఊరి లూపు కూడా దాన్ని ఆనుకునే ఉండాలని మీరనుకున్నారు, కవరు మీద అడ్రసు రాసినట్టు ఊరు, మండలం, జిల్లా అని లోపలి నుంచి బయటికి వచ్చారు. చాలామంది అట్లనే రాస్తారు. నన్నడిగితే ఫలితాన్ని ముందు పెట్టడమే సగం పరేషానీకి కారణం, కానీ సెట్లను రాసే గణిత పద్ధతి అదే, హాస్కెల్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష దాన్నే తీసుకుంది, పైథాన్ హాస్కెల్‌ను చూసి 2000లో వచ్చిన 2.0 వెర్షన్‌లో పెట్టుకుంది. పెప్ 202 అనే పైథాన్ మార్పుల ప్రతిపాదన పత్రంలో ఈ వరసను తేల్చి చెప్పారు: మామూలు లూపుల్లాగే, చివరి ఫర్ అన్నిటికన్నా వేగంగా తిరుగుతుంది.

మీకు ఎర్రర్ రావడం అదృష్టమే అనుకోండి. అంతకుముందు అదే ఫైల్లో మామూలు లూపు ఒకటి నడిపి ఉంటే మండలం అనే పేరులో నకిరేకల్ లిస్టు మిగిలిపోయి ఉండేది, అప్పుడు మీ తప్పు లైను

[ఊరు ఫర్ ఊరు ఇన్ మండలం ఫర్ మండలం ఇన్ జిల్లా]

ఏ గొడవా లేకుండా నడిచేది. ఎందుకంటే మొట్టమొదటి ఇన్ పక్కన ఉన్నదాన్ని పైథాన్ బయటి నుంచే తెచ్చుకుంటుంది. వచ్చే జవాబు చందుపట్ల, చందుపట్ల, నోముల, నోముల. నల్గొండ మండలం మాయం, నకిరేకల్ ఊర్లు రెండేసి సార్లు! నాలుగు ఊర్లకు నాలుగు పేర్లు వచ్చాయి కదా అని లెక్క చూసి వదిలేస్తే ఇక దొరకదు.

ఇంకొకటి, బ్రాకెట్ లోపల బ్రాకెట్ పెడితే కథ వేరు:

[[ఊరు ఫర్ ఊరు ఇన్ మండలం] ఫర్ మండలం ఇన్ జిల్లా]

ఇక్కడ బయటి లూపు కుడివైపున ఉంది, పైన చెప్పినదానికి ఉల్టా అనిపిస్తుంది. ఉల్టా ఏమీ కాదు, లోపలి బ్రాకెట్ మొత్తం ముందుకొచ్చిన ఫలితం, అంటే ఊరు అనే మాట ఉన్న స్థానంలో ఇప్పుడు ఒక లిస్టు కూర్చుంది. అందుకే మండలాలు కలిసిపోకుండా వేర్వేరు లిస్టులుగానే వస్తాయి. మీ తప్పు లైను దీన్ని చూసే పుట్టిందని నా అనుమానం, ఎక్కడో దీన్ని చూసి లోపలి బ్రాకెట్లు పీకేసి ఉంటారు.

షరతు పెట్టే ఇఫ్ కూడా అదే వరసలో నడుస్తుంది. మండలానికి సంబంధించిన షరతు అయితే మొదటి ఫర్ అయిపోగానే, రెండోది మొదలు కాకముందే పెట్టండి, పనికిరాని మండలంలోకి అసలు దిగదు. చివర్లో పెట్టినా జవాబు అదే వస్తుంది గానీ ప్రతి ఊరి దగ్గరా ఆగి మండలం గురించే మళ్లీ మళ్లీ అడుగుతుంది.

మూడో ఫర్ అవసరం పడితే మాత్రం ఒక్క లైన్ పట్టింపు వదిలేసి మామూలు లూపులే రాయండి, సార్ అడిగితే పెద్దబాపు చెప్పిండని చెప్పండి.

మీ పెద్దబాపు,
నల్గొండ