చివర్లో మిగిలిన మూడు నిమిషాలు

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. దాళ్వా నాట్లు అయిపోయాయి. కాలవలో నీళ్లు నిండుగా పారుతున్నాయి.

మొన్న పండక్కి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని నన్నో మాట అడిగారు. "తాతయ్యా, సినిమా పాటలు కాకుండా, రాక్ గానీ ఇండీ గానీ, ఈమధ్య వచ్చినవాటిలో వినదగ్గవి చెప్పవా?" అని. ఆ వేళ ఇంటినిండా చుట్టాలు, వంటింట్లో అరిసెల పాకం. నోటికొచ్చిన రెండు పేర్లు చెప్పి ఊరుకున్నాను. మీరు బస్సెక్కాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అంత శ్రద్ధగా అడిగినవాళ్లకి అంత తేలిగ్గా చెప్పకూడదు. అందుకే ఈ ఉత్తరం.

మీరు పుట్టక ముందు అమలాపురంలో నాకు క్యాసెట్ల షాపు ఉండేది. ఇరవై రెండేళ్లు నడిపాను. జనం ఖాళీ క్యాసెట్టు, కాగితం మీద పాటల జాబితా ఇచ్చి వెళ్లేవారు. సాయంత్రానికి రికార్డు చేసి ఉంచేవాణ్ని. అరవై నిమిషాల క్యాసెట్టైతే ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు. పాటలన్నీ ఎక్కించాక చివర్లో రెండు మూడు నిమిషాల టేపు మిగిలేది. "ఏదో ఒకటి మంచిది వేసెయ్యండి" అనేవారు. ఆ మూడు నిమిషాల్లో, వాళ్లు ఎప్పుడూ విని ఉండరనుకున్న పాట ఒకటి వేసేవాణ్ని. వారం తిరిగాక వచ్చి "ఆఖర్ని వేశారే, అదేంటండీ?" అని అడిగితే ఆ రోజు నాకు పండగే.

ముందు ఆ 'ఇండీ' అన్న మాట సంగతి చెప్తాను. అది మీ కాలంలో పుట్టిన విషయమేం కాదు. గ్రామఫోను రోజుల నుంచీ మనవాళ్లు సినిమాలో లేని పాటని 'ప్రైవేటు పాట' అనేవారు. కథ కోసం కాకుండా, నిర్మాత చెప్పాడని కాకుండా, పాడేవాడికి పాడాలనిపించి పాడిన పాట. నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు రేడియోలో పెంచి పోషించిన లలిత సంగీతం కూడా ఆ తోవదే. ఇప్పుడు కుర్రాళ్లు నలుగురు గదిలో కూర్చుని, సొంత డబ్బులతో రికార్డు చేసి, సొంతంగా విడుదల చేస్తే దాన్ని ఇండీ అంటున్నారు. పేరు మారింది, తోవ అదే.

ఇక రాక్. అది మనది కాదని ఎవరైనా అంటే, వశిష్ఠ దాటి పాలకొల్లు వెళ్లి రమ్మనండి. 1969లో అక్కడ పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఏం చేశాడో తెలుసా? మాండొలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. ఆ జంటలతో మన గమకాలు పలకవు. ఆయన వాటిని తీసేసి, ఒంటి తీగలు ఐదు కట్టి, ఎలక్ట్రిక్ చేసి, గిటారులాగ యాంప్లిఫయర్‌కి తగిలించి దాని మీద కర్ణాటక సంగీతం వాయించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఇంకా చిన్నపిల్లాడు.

1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారు విద్వాంసుడితో కలిసి ఆయన 'డ్రీమ్' అని ఒక ఆల్బం చేశాడు. బ్రూక్ అంటే, తీగ మీటితే స్వరం చచ్చిపోకుండా ఎంతసేపైనా మోగుతూ ఉండేలా 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసిన మనిషి. ఆ క్యాసెట్టు నా స్నేహితుడొకడు మద్రాసు నుంచి తెచ్చిపెట్టాడు. ఒక వైపు విన్నాను. కచేరీ అందామంటే కచేరీ కాదు, సినిమా పాట అసలే కాదు. ఎటూ పాలుపోక, టేపు మళ్లీ మొదటికి చుట్టేసి, రెండో వైపు వినకుండానే ఇంట్లో అలమారులో పడేశాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. దాని గురించి మీకు వేరే ఎప్పుడైనా చెప్తాను. ఈ కోనసీమలో కొబ్బరిచెట్లు కోసేసినట్టు పడిపోయాయి. వందల ప్రాణాలు పోయాయి. నా షాపు రేకులు లేచిపోయి, సరుకంతా నీళ్లపాలైంది. వారాల తరబడి కరెంటు లేదు. పగలంతా చెట్లు నరుక్కోవడం, దారి చేసుకోవడం. రాత్రయ్యేసరికి చీకటి, కప్పల అరుపులు, అంతే. ఇంట్లో మిగిలిన నాలుగైదు క్యాసెట్లలో ఇదొకటి. ఒకనాటి రాత్రి టేప్ రికార్డర్‌లో సెల్స్ వేసి, రీవైండ్ నొక్కితే సెల్స్ అయిపోతాయని రెనాల్డ్స్ పెన్ను పెట్టి చేత్తోనే టేపు చుట్టి, ఆ రెండో వైపు పెట్టాను. వెనక గిటారు మంచు పరుచుకున్నట్టుంది. దాని మీద మాండొలిన్ చినుకుల్లా పడుతోంది. ఏడాదిపాటు నాకు కొరుకుడు పడని సంగీతం ఆ చీకట్లో తేటగా వినపడింది. ఇంతలో సెల్స్ బలం తగ్గి టేపు మెల్లగా తిరగడం మొదలెట్టింది, శ్రుతి దిగజారిపోయింది. తెల్లారాక ఆ సెల్స్ అరుగు మీద ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ వేసుకుని మిగతాది విన్నాను. అప్పటినుంచీ నేను ఏ పాటనీ ఒక్కసారి విని తీసిపారెయ్యలేదు.

మిమ్మల్నీ అదే అడుగుతున్నాను. కింద చెప్పినవాటిలో ఏది విన్నా మూడుసార్లు వినండి, పాటల వరస మార్చకుండా. మొదటిసారి డ్రమ్స్ వెంట పొండి. రెండోసారి బేస్ గిటారు పట్టుకోండి. మూడోసారి గొంతు, మాటలు. ఫోను స్పీకర్లో మాత్రం వద్దు. బేస్ గిటారు అడుగు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. అంత లోతు శబ్దం ఆ చిన్న స్పీకరు పలికించలేదు. పునాది లేకుండా పైకప్పు మాత్రమే విని, ఇల్లు బాగాలేదంటే ఎలా? ఓ మోస్తరు ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలు.

ఇంకొకటి. రాక్ గిటారు వింటే "అదేంటి, గుడి మైకు పగిలినట్టు బర్రుమంటోంది" అని మీ నాయనమ్మ అంటుంది. ఆ బర్రు కావాలని చేసేదే. యాంప్లిఫయర్ మొయ్యగలిగినదానికంటే ఎక్కువ ధ్వనిని దాంట్లోకి తోస్తే, ఆ తరంగం కొసలు తెగి, అసలు స్వరంతోపాటు కొత్త అనుస్వరాలు, అంటే దాని వెంటే సన్నగా మోగే పై స్వరాలు, పుడతాయి. మన తంబూరాలో తీగ ఆనే చోట నూలుపోగు జరిపి జీవం తెప్పిస్తారు చూడండి, ఆ ఝంకారంలోనూ ఉన్నవి అనుస్వరాలే. తోవ వేరు గానీ, ఒంటి స్వరాన్ని నిండుగా వినాలన్న కోరిక మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఇక ఆల్బమ్‌లు. అన్నిటికంటే ముందు ఎమ్‌డూ మోక్తార్‌ని వినండి. సహారా ఎడారి దేశం నైజర్‌లో తువారెగ్ జాతివాడు. చిన్నప్పుడు గిటారు కొనే దారి లేక, చెక్కతో సొంతంగా చేసుకుని, తీగలకి బదులు సైకిలు బ్రేకు వైర్లు కట్టాడు. ఎడమచేతి వాటం. 2024లో 'ఫ్యునరల్ ఫర్ జస్టిస్' అన్న ఆల్బం తెచ్చాడు. వాళ్ల భాష తమాషెక్‌లో పాడతాడు. ఫ్రాన్సు తమ దేశాన్ని పిండుకున్న తీరు మీద కోపం ఆ పాటల్లో చాలాచోట్ల ఉంది. ఆ వేగం మొదట్లో ఊపిరాడనివ్వదు. వరదొచ్చినప్పుడు ధవళేశ్వరం గేట్లు ఎత్తితే నీళ్లు ఎలా దూకుతాయో అలా ఉంటుంది.

అది మూడుసార్లు అయ్యాక, 2025లో వచ్చిన 'టియర్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్' పెట్టండి. అవే పాటలు, కరెంటు గిటార్లు లేకుండా. 2023లో వాళ్లు అమెరికాలో కచేరీలు చేస్తుండగా నైజర్‌లో సైన్యం అధికారం లాక్కుంది. ఇంటికి పోయే దారి మూసుకుపోయింది. ఆ తర్వాత అక్కడే కింద కూర్చుని పాడినట్టుంటుంది ఇది. మొదటి ఆల్బంలో కోపంగా వినపడ్డ పాటే రెండోదాంట్లో దుఃఖంగా వినపడుతుంది. ఒకే పాట కింద అన్ని పొరలుంటాయని నేను ఎంత చెప్పినా తెలీదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే చెవికే తెలుస్తుంది.

మాటలు అర్థం కావని వెనక్కి తగ్గకండి. నా షాపులో హిందీ ముక్క రానివాళ్లే హిందీ పాటలు ఎక్కువ ఎక్కించుకునేవారు.

మాటలు తెలిసిన రాక్ కావాలంటే 'అగం' ఉంది. బెంగుళూరు బృందం. త్యాగరాజస్వామి 'బంటురీతి కొలువు'ని 2012 ఆల్బంలో రాక్‌గా మలిచారు. 2025లో 'అరైవల్ ఆఫ్ ది ఎథీరియల్' తెచ్చారు. అందులో 'మోక్షము గలదా' ఉంది, సింఫనీ ఆర్కెస్ట్రాతో. సారమతి రాగంలో ఆ ప్రశ్న ఒక్క గొంతు అడిగితే ఒకలా ఉంటుంది, వెనక అంత పెద్ద వాద్యబృందం లేచి నిలబడి అడిగితే మరోలా ఉంటుంది. నాకు రెండూ కావాలి. ముందు కచేరీలో పాడింది విని, తర్వాత ఇది వినండి. కీర్తనకి అపచారం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రాగం చెక్కు చెదరలేదు, సాహిత్యం చెదరలేదు.

'బ్లడీవుడ్' పేరు చూసి భయపడొద్దు. ఢిల్లీ కుర్రాళ్లు. ఢోలు, వేణువు, వాటి వెనక మెటల్ గిటార్లు. మెటల్ అంటే రాక్‌లోనే మహా మోతగా ఉండే రకం. 2022లో 'రక్షక్', 2025లో 'న్యూ ఢిల్లీ' వచ్చాయి. మీ నాన్న ఒక్క పాటకే ఇయర్‌ఫోన్స్ తీసేశాడు. నాకు మాత్రం కనుమ రోజు జగ్గన్నతోట గుర్తొచ్చింది. పదకొండు ఊళ్ల ప్రభలు, అంటే దేవుడి కోసం వెదురుతో ఎత్తుగా కట్టే అలంకారాలు, పచ్చటి చేలు తొక్కుకుంటూ, కొన్ని ఊళ్లవాళ్లైతే కౌశిక కాలవ నీళ్లలో పీకల్లోతు దిగి, భుజాల మీద ప్రభ వంగకుండా మోస్తూ "అశ్శరభా, దశ్శరభా" అని కుర్రాళ్లు అరిచే అరుపు. ఆ డప్పు మీ గుండెలో కొట్టుకున్నట్టుంటుందని మొన్న మీరే అన్నారు కదా? మెటల్ వాళ్లు వెతుక్కునేదీ ఆ మోతనే. మొదట 'రక్షక్', ఆనక రెండోది.

ఇప్పుడు చెప్పబోయేది మీ వయసుకి కాస్త బరువు. అయినా చెప్తాను. 'ది క్యూర్' అని ఇంగ్లండు బృందం. పాడే రాబర్ట్ స్మిత్ 1959లో పుట్టాడు, నేనూ అదే ఏడు. పదహారేళ్లు కొత్త ఆల్బం లేకుండా ఉండి, 2024 నవంబరు 1న 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' విడుదల చేశారు. మొత్తం ఎనిమిదే పాటలు. మొదటి పాటలో గొంతు వినపడేసరికి మూడు నిమిషాలు దాటిపోతుంది. అంతవరకూ వాద్యాలే, వానాకాలం మబ్బు కమ్ముకున్నట్టు నెమ్మదిగా. ఆ మూడు నిమిషాలూ ముందుకి జరపకండి. గొంతు వచ్చేవేళకి మీరు సిద్ధంగా ఉండాలనే ఆయన అంతసేపు ఆగాడు. అందులో పోయిన అన్నయ్య గురించి ఒక పాట ఉంది. మా పెద్దన్నయ్యని తుపాను తర్వాతి ఏడు పోగొట్టుకున్నాను. ఆ పాట విన్న రాత్రి గట్టు మీదికి వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. దాన్ని గురించి ఇంతకంటే రాయలేను. ఇప్పుడు నచ్చకపోతే పక్కన పెట్టండి, పారెయ్యకండి.

తేలిగ్గా ఏదైనా కావాలంటే 'క్రుఆంగ్‌బిన్' వాళ్ల 'ఎ లా సాలా', 2024. అమెరికాలో హ్యూస్టన్ బృందం. పేరు థాయ్ భాషలో విమానం అని అర్థం. మాటలు తక్కువ, గిటారు గలగల ఎక్కువ. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాలవగట్టున కొబ్బరినీడలో వినడానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేను ఇరవై రెండేళ్లు చేసిన పనిలో, పాట చేసినవాడికి ఒక్క పైసా చేరలేదు. అప్పట్లో ఊరూరా అదే జరిగేది, ఎవరికీ తప్పనిపించేది కాదు, నాకూ అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. అందుకే బాగా నచ్చిన ఆల్బం ఒకటి డబ్బు పెట్టి కొంటున్నాను. పాటలు అమ్మే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో కొంటే డిజిటల్ ఆల్బం ధరలో వాళ్లు నూటికి 15 తీసుకుంటారు. చెల్లింపు ఖర్చులు పోగా మిగిలింది పాట చేసినవాళ్లకి పోతుంది. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు ఆ 15 కూడా వదులుకుంటున్నారు. మీ పాకెట్ మనీలో నెలనెలా కొనమనను. ఏడాదికి ఒక్కటి కొనండి. మూడుసార్లు విన్నాక కూడా వదలనిది ఏదుందో అది.

వేసవి సెలవులకి వచ్చేటప్పుడు తలా ఒక ఆల్బం ఎంచుకుని రండి. డాబా మీద చాపలేసుకుని, లైట్లార్పి, మొదటినుంచి చివరిదాకా వింటాం. మధ్యలో మాట్లాడకూడదు. పాత టేప్ రికార్డర్‌కి బెల్టు మార్పించాను, తిరుగుతోంది. ఆ 'డ్రీమ్' క్యాసెట్టు ఇంకా నా దగ్గరే ఉంది. అక్కడక్కడా శబ్దం పలచబడింది గానీ రెండో వైపు బాగానే ఉంది.

కాగితం అడుగున ఇంకో నాలుగు వేళ్ల జాగా మిగిలింది. అందులో ఒక పేరు వేస్తున్నాను, దాని గురించి ఏమీ చెప్పను. వారం తిరిగాక మీరే ఫోన్ చేసి అడగండి.

పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ, ఢిల్లీ. 'బీటా', 2024.

ఇట్లు,
మీ తాతయ్య