పాఠ్యపుస్తకం మీద వందేళ్ల పోరు

మత ఛాందసవాదం పాత కాలపు అవశేషమని, చదువు పెరిగితే దానంతట అదే పోతుందని మనలో చాలామంది నమ్మకం. అమెరికా అనుభవం చూస్తే ఈ నమ్మకం నిలవదు. అక్కడ అది ఒక ఉద్యమంగా రూపు కట్టిందే బళ్లు, నగరాలు, పరిశ్రమలు జోరుగా పెరుగుతున్న రోజుల్లో. దానికి పెట్టుబడి పెట్టింది కూడా ఓ చమురు వ్యాపారి.

కాలిఫోర్నియాలో యూనియన్ ఆయిల్ కంపెనీ నడిపిన లైమన్ స్టీవర్ట్, ఆయన సోదరుడు మిల్టన్ డబ్బిచ్చి 1910-1915 మధ్య క్రైస్తవ మూల విశ్వాసాలను సమర్థించే ‘ది ఫండమెంటల్స్’ అనే వ్యాసాలను 12 సంపుటాలుగా అచ్చు వేయించారు. పాస్టర్లకు, మిషనరీలకు దాదాపు 30 లక్షల ప్రతులు ఉచితంగా పంచారు. జర్మన్ పండితులు బైబిల్‌ను కూడా మిగతా ప్రాచీన గ్రంథాల్లాగే చూసి, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని పరిశోధిస్తున్నారు. ఆ ధోరణి చర్చిల్లోకీ వచ్చేసింది. అసలు కోపం దాని మీదే. డార్విన్ అప్పటికింకా ప్రధాన శత్రువు కాదు. ఆ వ్యాసాలు రాసినవాళ్లలో కొందరు జీవ పరిణామాన్ని కొంతమేర ఒప్పుకున్నారు కూడా.

మరి గొడవ డార్విన్ మీదికి ఎందుకు మళ్లింది? ఒక కారణం మొదటి ప్రపంచ యుద్ధం. ఇంకో కారణం బడి. 1890లో అమెరికా హైస్కూళ్లలో ఉన్నది సుమారు 2 లక్షల మంది పిల్లలు. 1920 నాటికి దాదాపు 20 లక్షలయ్యారు. అంతవరకు కాలేజీ గోడల మధ్య ఉన్న చర్చ ఇప్పుడు రైతు ఇంటికి పుస్తకాల సంచిలో చేరింది. మా పన్నులతో నడిచే బడిలో మా నమ్మకం తప్పని మా పిల్లలకే చెబుతారా అని తల్లిదండ్రులు నిలదీశారు.

వాళ్ల తరఫున గొంతెత్తిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్‌ను మూర్ఖుడిగా కొట్టిపారేయడం అన్యాయం. డెమొక్రాటిక్ పార్టీ తరఫున మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషి. రైతుల పక్షం, మహిళల ఓటు హక్కు పక్షం. డార్విన్ పేరిట వినిపించే బలవంతుడిదే బతుకు అనే మాట యుద్ధానికి సమర్థనగా మారుతోందని ఆయన భయం. ఆ భయం పూర్తిగా ఉత్తిది కాదు. అప్పట్లో టెనెసీ బళ్లలో వాడిన జీవశాస్త్ర పుస్తకంలో పరిణామ పాఠంతో పాటు, ‘నాసిరకం’ మనుషులు పిల్లల్ని కనకుండా చూడాలనే దారుణమైన వాదన కూడా ఉంది. జబ్బును సరిగానే పట్టాడు, పాఠాన్నే నిషేధించాలన్న మందే తప్పుది.

1925లో టెనెసీ రాష్ట్రం, మనిషి తక్కువ జాతి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బళ్లలో చెప్పకూడదంటూ చట్టం చేసింది. దాన్ని సవాలు చేసే టీచర్‌కు అండగా ఉంటామని ఒక పౌరహక్కుల సంఘం పత్రికలో ప్రకటించింది. డేటన్ అనే చిన్న ఊళ్లో పెద్దమనుషులు మందుల షాపులో కూర్చుని ఆ ప్రకటన చదివారు. కేసు ఇక్కడే నడిస్తే ఊరికి పేరొస్తుందని వాళ్ల ఆశ. 24 ఏళ్ల టీచర్ జాన్ స్కోప్స్‌ను పిలిపించి ఒప్పించారు. ఆ పాఠం ఉన్న పుస్తకం అదే షాపులో అమ్మకానికి ఉంది. రాష్ట్రం ఒక చేత్తో నిర్ణయించిన పుస్తకాన్నే ఇంకో చేత్తో నేరం చేసిందన్నమాట.

జులైలో విచారణ. షికాగో రేడియో స్టేషన్ ఒకటి ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఎండ తట్టుకోలేక జడ్జి కోర్టును పచ్చిక మీదికి మార్చాడు. అక్కడే స్కోప్స్ లాయర్ క్లారెన్స్ డారో, బ్రయాన్‌నే సాక్షిగా కూర్చోబెట్టి బైబిల్ మీద దాదాపు రెండు గంటలు ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేశాడు. స్కోప్స్‌కు 100 డాలర్ల జరిమానా పడింది. మరో ఐదు రోజులకు బ్రయాన్ నిద్రలోనే చనిపోయాడు. జరిమానా విధించిన పద్ధతి తప్పని 1927లో పై కోర్టు శిక్ష కొట్టేసింది, చట్టం మాత్రం 1967 దాకా ఉంది.

నగర పత్రికలు ఆ ఊరిని, ఆ జనాన్ని ఎగతాళి చేసి, ఇక వీళ్ల పని అయిపోయిందన్నాయి. అవమానపడ్డవాళ్లు మారిపోలేదు. సొంత కాలేజీలు, ప్రచురణ సంస్థలు, రేడియో కార్యక్రమాలు పెట్టుకుని బలపడ్డారు. పబ్లిషర్లు గొడవెందుకని పరిణామ పాఠాన్ని కుదించేశారు. 1957లో సోవియట్ స్పుత్నిక్ ఎగిరాక, సైన్స్‌లో వెనకబడ్డామన్న టెన్షన్‌తో అమెరికా దాన్ని మళ్లీ పుస్తకాల్లోకి తెచ్చింది.

1968లో సుప్రీంకోర్టు అలాంటి నిషేధాలు చెల్లవంది. అప్పుడు ఎత్తుగడ మారింది. బైబిల్ సృష్టి కథ కూడా సైన్సే, పక్కపక్కనే చెప్పండి అన్నారు. 1987లో సుప్రీంకోర్టు అదీ కుదరదంది. తర్వాత దేవుడి పేరెత్తకుండా, జీవులను ఏదో తెలివైన శక్తి రూపొందించిందనే ‘తెలివైన రూపకల్పన’ అంటూ వచ్చారు. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ కేసులో అదీ మతబోధనేనని ఫెడరల్ జడ్జి తేల్చాడు. గమనించండి, సైన్స్‌ను తిట్టే దశ దాటి సైన్స్ సర్టిఫికెట్ కోసం పాకులాడే దశకు వచ్చారు.

ఈ పాకులాట మనకు కొత్త కాదు. 2019లో జలంధర్ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరే కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలన్నారు. మహాభారతం గొప్పదనానికి లాబొరేటరీ సాక్ష్యం అక్కర్లేదని ఆ పీఠంలో ఉన్నవారికి తెలియకపోవడం బాధ కలిగించింది. ఇక జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పిల్లల మీద భారం తగ్గించడానికంటూ పదో తరగతి పుస్తకం నుంచి జీవ పరిణామాన్ని తీసేసింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉందని జవాబొచ్చింది. అయితే అక్కడ అది చదివేది బయాలజీ తీసుకున్నవాళ్లే. పదితో చదువు ఆపేసినవాళ్లకు, ఎంపీసీలో, కామర్స్‌లో చేరినవాళ్లకు ఆ పాఠం ఇక ఎదురుపడదు.