నాలుగు కాళ్ళ తరవాణి కుండ

కార్తీక పున్నమి మర్నాడు పొద్దున్నే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మటన్ కొట్టు దగ్గరికి వెళితే ఒకే వీధిలో రెండు పంచాంగాలు కనిపిస్తాయి. ఒడియా వాళ్ళకు నెల పున్నమితో ముగుస్తుంది. కుమార పున్నమి (మన ఆశ్వయుజ పున్నమి) మర్నాటి నుంచి నీచు ముట్టకుండా ఉండి, ఆఖరి ఐదు రోజులు పంచుక అని ఇంకా నిష్ఠగా గడిపి (ఆ ఐదు రోజులూ కొంగ కూడా చేప జోలికి పోదంటారు, కొంగను అడిగి చూసినవాళ్ళు ఎవరూ లేరు), పున్నమి దాటగానే ఛాడఖాయి (నిష్ఠ వదిలి మాంసం తినే రోజు) అంటూ సంచులు పట్టుకుని బయల్దేరతారు. మనకేమో కార్తీకం దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా నడుస్తుంది. పక్కింట్లో మసాలా నూరుతున్న వేళకి మన ఇళ్ళలో ఇంకా పదిహేను రోజుల దీపాలు మిగిలే ఉంటాయి.

ఈసారి ఆ వరస చూసి మా మేనల్లుడి కొడుకు, తొమ్మిదో తరగతి వాడు, ఒక ప్రశ్న వేశాడు. “తాతా, మాంసం తగ్గిస్తే భూమి వేడెక్కడం తగ్గుతుందని మా మేడమ్ చెప్పారు. వీళ్ళంతా నెల్లాళ్ళు మానేశారు కదా, ఏమైనా చల్లబడిందా? ఇవాళ ఒక్కరోజే అంతా తినేస్తే మళ్ళీ మొదటికొచ్చేస్తుందా?”

ఏళ్ళ తరబడి సైన్సు పాఠాలు చెప్పాను. ఇంత మంచి ప్రశ్న క్లాసులో ఎవరూ అడగలేదు. అడగనిచ్చానో లేదో అది వేరే సంగతి.

భూమి ఎందుకు వేడెక్కుతుందో చెప్పే పేరాలు వదిలేస్తున్నాను. అవి ప్రతి పుస్తకంలోనూ ఉన్నాయి, ప్రతి పుస్తకంలోనూ ఒకేలా విసుగ్గా ఉన్నాయి. నేను నేరుగా వంటింటి మూలన ఉండే కుండ దగ్గరికి వెళతాను.

మా అమ్మ కాలంలో తరవాణి కుండ ఖాళీ అవడమంటూ లేదు. మిగిలిన గంజి, కాస్త అన్నం, నీళ్ళు పోస్తూనే ఉండేవారు. పొద్దున్నే పుల్లటి తేట ముంచుకుని చద్దన్నంలో పోసుకునేవాళ్ళం, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మా పక్కింటి ఒడియా మౌసీ పఖాళ చేస్తే పైన తేరిన పుల్లనీటిని తొరాణి అంటుంది. మాట కూడా మనదీ వాళ్ళదీ ఒకటే. ఇప్పుడు ఈ కుండకు నాలుగు కాళ్ళు, ఒక తోక పెట్టండి. అదే ఆవు.

ఆవుకు నాలుగు పొట్టలని మనం బళ్ళో చదివాం, నేనూ అలాగే చెప్పాను. అది తప్పు. పొట్ట ఒకటే, గదులు నాలుగు. మొదటి గది పేరు రూమెన్. దీనికి తెలుగులో పుస్తకాల పేర్లు ఉన్నాయి గానీ, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని ఆ పేర్లు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పెద్ద ఆవులో ఈ గది 100 లీటర్లకు పైనే పడుతుంది. లోపల 39 డిగ్రీల వెచ్చదనం, గాలి ఆడదు, ఎప్పుడూ కలుపుతున్నట్టు కదులుతూ ఉంటుంది. ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు పైగా బాక్టీరియా. తరవాణి కుండ లాగే ఇదీ ఎప్పటికీ ఖాళీ అవదు. పై నుంచి గడ్డి పడుతుంటుంది, కింద నుంచి పులిసినది జారిపోతుంటుంది.

గడ్డిని అరిగించే శక్తి ఆవుకు లేదు. మనకు లేనట్టే దానికీ సెల్యులోజ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ లేదు. కుండలోని సూక్ష్మజీవులు గడ్డిని తింటాయి, అవి వదిలిన పులుపును ఆవు తింటుంది. ఆ పులుపు అంటే ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు. ఆవు బతుకు చాలావరకు వీటి మీదే.

ఇక్కడి దాకా రెండు కుండలూ ఒకటే. తేడా హైడ్రోజన్ దగ్గర మొదలవుతుంది. ఇది కాస్త చిక్కటి పేరా, ఓపిక పట్టండి. గ్లూకోజ్‌ను విరిచేటప్పుడు సూక్ష్మజీవి చేతిలో ఎలక్ట్రాన్లు మిగిలిపోతాయి. వాటిని ఎక్కడో ఒకచోట దించకపోతే తర్వాతి గ్లూకోజ్‌ను పట్టుకోలేదు, పని ఆగిపోతుంది. తరవాణి కుండలోని లాక్టిక్ బాక్టీరియా ఆ బరువును గ్లూకోజ్ విరిగితే వచ్చిన పైరూవేట్ మీదే తిరిగి పెట్టేస్తుంది. అది లాక్టిక్ ఆమ్లం అవుతుంది, మన నాలుకకు పుల్లగా తగులుతుంది, కథ ముగిసింది. ఆవు కుండలో ఎసిటిక్ ఆమ్లం చేసే బాక్టీరియా అలా చేయదు, ఎలక్ట్రాన్లను హైడ్రోజన్ వాయువుగా బయటికి వదిలేస్తుంది. ఒక గ్లూకోజ్ నుంచి రెండు ఎసిటేట్లు (ఎసిటిక్ ఆమ్లమే అనుకోండి) వస్తే, నాలుగు హైడ్రోజన్ అణువులు కూడా వస్తాయి. అవి పేరుకుపోతే మళ్ళీ పని ఆగుతుంది. అప్పుడు మూడో రకం జీవులు అందుకుంటాయి. నాలుగు హైడ్రోజన్లకు ఒక కార్బన్ డయాక్సైడ్ కలిపి ఒక మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువుల్లో ఒకటి), రెండు నీళ్ళు చేస్తాయి. ఆఖరి మెట్టు మీద పనిచేసే ఎంజైమ్ మధ్యలో ఒక నికెల్ పరమాణువు కూర్చుని ఉంటుంది. పాకలో గడ్డి నములుతున్న ఆవు లోపల నికెల్‌తో నడిచే కార్ఖానా! నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

ఈ మూడో రకం జీవులు బాక్టీరియా కావు, ఆర్కియా. ఇవి జీవుల్లో వేరే శాఖ అని 1977లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వోస్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ఆయన పట్టుకున్న మొదటి ఆర్కియా ఈ మీథేన్ చేసేవే. గోబర్ గ్యాస్ తొట్టిలో పొయ్యికి మంట ఇచ్చేవీ ఈ జాతివే.

తరవాణి బాక్టీరియా ఆవు కుండలోకి దూరితే? అదీ జరుగుతుంది. పెళ్ళి భోజనాల దగ్గర పారేసిన అన్నం రాశిని ఆవు కడుపునిండా తింటే, పిండిపదార్థం ఒక్కసారిగా పడి లాక్టిక్ బాక్టీరియా విజృంభిస్తుంది. మామూలుగా రోజుకు 100 లీటర్ల దాకా ఊరే లాలాజలం, అందులోని సోడా, పులుపును సర్దుతూ ఉంటాయి. ఆ రోజు సర్దలేవు. పొట్ట బిగుసుకుపోతుంది, చాలాసార్లు ఆవు చచ్చిపోతుంది. ఊళ్ళో జనం దిష్టి తగిలిందంటారు. తగిలింది అన్నం. ఆవు నిజంగానే తరవాణి కుండ అయిపోతే బతకదన్నమాట.

మీథేన్ ఎటు పోతుంది? దాదాపు అంతా నోటి గుండా, త్రేన్పులుగా. వెనకవైపు అనుకుని నవ్వుకునేవాళ్ళు ఆ నవ్వు ఆపేయొచ్చు. తిన్న మేతలోని శక్తిలో సుమారు ఆరు శాతం ఇలా గాల్లో కలుస్తుంది. ఆవుకూ నష్టమే. ఐపీసీసీ అనే అంతర్జాతీయ వాతావరణ సంఘం 2006లో లెక్కలకు ఇచ్చిన అంకెలు చూస్తే మన ఉపఖండంలో పాడి ఆవు ఏడాదికి 58 కిలోల మీథేన్, ఎద్దుల వంటి మిగతా ఆవు జాతి పశువులు తలా 27, మేక 5. పంది ఒకటే కిలో, ఎందుకంటే పంది నెమరు వేయదు. కోడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

వేడెక్కించడంలో మీథేన్ ఒక కిలో, వందేళ్ళ లెక్కన, సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు వస్తుంది. మీరే భాగించి చూడండి: ఒక ఎద్దు ఏడాది త్రేన్పులు 300 లీటర్ల పెట్రోలుకు పైనే. బైకు మీద పర్లాకిమిడి నుంచి పక్కనున్న పాతపట్నానికి ఏడాది పొడవునా రోజూ ఒకసారి వెళ్ళొచ్చినా అంత ఖర్చు కాదు.

ఈ మధ్య ఫోన్లలో “ఆవు ఆక్సిజన్ వదులుతుంది” అని ఒక ముచ్చట తెగ తిరుగుతోంది. లోపలికి పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలేదాంట్లో సుమారు 16. మనకూ అంతే. వదిలేదాంట్లో ఉందనడం అబద్ధం కాదు, తీసుకున్నదానికంటే తక్కువ ఉందని చెప్పకపోవడమే గమ్మత్తు.

ఇప్పుడు అసలు సంగతి. తిండి విషయంలో మనం గీసుకున్న గీత మాంసానికీ శాకానికీ మధ్య ఉంది. వాతావరణం గీసిన గీత నెమరు వేసేదానికీ వేయనిదానికీ మధ్య ఉంది. ఈ రెండు గీతలూ ఒకచోట పడవు. జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు 119 దేశాల్లోని 38,700 పొలాల వివరాలు పోగేసి 2018లో ‘సైన్స్’ పత్రికలో లెక్క తేల్చారు. 100 గ్రాముల ప్రొటీన్ దొరకడానికి, ప్రపంచ సగటున, మాంసం కోసమే పెంచే పశువు నుంచి అయితే 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వస్తాయి. గొర్రె మాంసానికి 20, చీజ్‌కి 11, కోడికి 6 లోపు, గుడ్డుకు 4 పైచిలుకు, పప్పులకు కిలో లోపు. చీజ్, కోడి, ఈ రెండు అంకెలూ మళ్ళీ ఒకసారి చూడండి. చికెన్ మానేసి చీజ్ పట్టుకున్నవాడు శాకాహారి అయ్యాడేమో గానీ గాలికి మేలు చేయలేదు.

మా ఇంట్లో ఈ మాట అన్న రోజు మా ఆవిడ నన్ను చూసిన చూపు రాయడానికి వీల్లేదు. కార్తీకంలో నేతి దీపాలు, పరమాన్నం, పెరుగు. అన్నీ నాలుగు కాళ్ళ కుండ నుంచి వచ్చినవే.

అయితే సగటు అంకెను పట్టుకొచ్చి మన పాక ముందు అలాగే నిలబెట్టడం న్యాయం కాదు. బ్రెజిల్‌లో అడవి నరికి పచ్చిక వేస్తే ఆ నరికిన అడవి కూడా ఆ మాంసం ఖాతాలో పడుతుంది. మా గజపతి జిల్లాలో ఆవు తినేది వరిగడ్డి, తవుడు, గట్ల మీద గడ్డి, మనిషి తినలేనివి. పేడ పొలానికి పోతుంది, పిడకగా పొయ్యిలోకీ పోతుంది. కానీ ఇంకో వైపు కూడా ఉంది. వరిగడ్డి వంటి పీచు మేతతో ఎసిటిక్ ఆమ్లం ఎక్కువ, అంటే హైడ్రోజన్ ఎక్కువ, మీథేన్ ఎక్కువ. పైగా మన ఆవు పాలు తక్కువ. 58 కిలోల మీథేన్‌కు ఏడాదికి 900 కిలోల పాలు అనుకుంటే, కిలో పాలకు త్రేన్పులే 1.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పాటి. అదే ఆవు రెట్టింపు పాలిస్తే త్రేన్పులు కొంత పెరుగుతాయి గానీ రెట్టింపు కావు, కిలోకు పడే వాటా దిగుతుంది. బెంగళూరులోని పశు పోషణ పరిశోధన సంస్థ టానిన్లు (వగరు పదార్థాలు) ఉన్న మొక్కలతో ‘హరిత్ ధార’ అనే మేత కలుపు తయారుచేసింది. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వాళ్ళ లెక్క. ఇతర దేశాల్లో ఎర్ర రంగు సముద్రపు నాచు ఒకదాన్ని వాడి చూస్తున్నారు. అందులోని బ్రోమోఫాం అనే రసాయనం నేరుగా ఆ నికెల్ ఎంజైమ్ పనికే అడ్డుపడుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కొండ మీద ఊళ్ళో మధ్యాహ్న భోజనంలో వారానికి రెండు గుడ్లు తినే పిల్లకు పర్యావరణం పేరుతో ఎవరూ నీతులు చెప్పకూడదు. గుడ్డు నెమరు వేయనిదాని నుంచి వచ్చింది, ఆ పిల్లకు అది అవసరం. తగ్గించాల్సింది మా వీధిలోవాళ్ళం, వారానికి మూడుసార్లు మటన్ కొనగలిగినవాళ్ళం. తగ్గించి తినడానికి కొత్తవేమీ కనిపెట్టక్కర్లేదు; ఉలవచారు, కందిపప్పు, చోడి (రాగి) అంబలి ఉన్నాయి. చోడికి పొలంలో నీళ్ళు నిలబెట్టక్కర్లేదు కూడా. వరి మడిలో నిలిచిన నీటి కింద బురదలోనూ ఇవే ఆర్కియా కూర్చుని మీథేన్ చేస్తుంటాయి. మడిని మధ్యమధ్యలో ఆరనిస్తే అది బాగా తగ్గుతుంది. ఆ కథ మొదలుపెడితే ఇంకో వ్యాసం అవుతుంది.

ఇక పిల్లాడి ప్రశ్న. నెల్లాళ్ళు మానేస్తే చల్లబడిందా? లేదు. పైగా కొంచెం ఎదురు తిరిగింది. ఈ నెలలో కోయని మేక ఎక్కడికీ పోలేదు, ఛాడఖాయి కోసం పాకలో ఆగి ఉంది. ఆగిన నెలంతా త్రేన్చింది, సుమారు 400 గ్రాముల మీథేన్. వాయిదా వేసిన మాంసం తగ్గించిన మాంసం కాదు. ఏడాది మొత్తం మీద కొనేది తగ్గి, పెంచేవాడు వచ్చే ఏడు రెండు పిల్లలను తక్కువ పెంచితేనే లెక్క మారుతుంది. అలా మారితే మాత్రం ఫలితం తొందరగా కనిపిస్తుంది. ఎందుకంటే మీథేన్‌కు గాలిలో ఆయుష్షు సుమారు పన్నెండేళ్ళే, తర్వాత అది విరిగిపోతుంది. అడుగున చిల్లున్న కుండ అనుకోండి: పోసేది తగ్గిస్తే మట్టం దానంతట అదే దిగుతుంది. కార్బన్ డయాక్సైడ్ కుండకు చిల్లు దాదాపు లేనట్టే. ఇవాళ పోసింది మనవల మనవల దాకా ఉంటుంది. బండి పొగ మానకుండా ఒక్క మటన్ మానేస్తే చాలదని వాడికి చెప్పాను. వాడు మా స్కూటర్ వైపు చూశాడు.

మాటలతో వాడు ఒప్పుకోలేదు. రెండు ప్లాస్టిక్ సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో నిన్నటి తరవాణి, రెండోదాంట్లో నీళ్ళలో కలిపిన పచ్చి పేడ. రెండు మూతులకూ బెలూన్లు బిగించి మేడ మీద ఎండలో పెట్టాడు. మొదటి వారం వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, మీథేన్ కోసం ఇంకా ఆగాలి, చలికాలం కాబట్టి ఆలస్యం అవుతుంది అని ముందే చెప్పి ఉంచాను. తరవాణి సీసా బెలూన్ మొదటి రెండు రోజులు కాస్త తల ఎత్తి మళ్ళీ వాలిపోయింది. పేడ సీసాది పదకొండో రోజుకు నిమ్మకాయంత అయింది. వాడు రోజూ బడికి వెళ్ళే ముందు దారం చుట్టి కొలిచి, గోడ మీద బొగ్గుతో గీత పెడుతున్నాడు.