"హిస్టరీ డిలీట్ చేశాను కదా, ఇంకేముంటుంది?": బ్రౌజర్ దాచుకునే సంగతులపై అపోహలు, వాస్తవాలు

గుంటూరులో కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తాను. అంతకుముందు కొన్నేళ్లు నెట్ సెంటర్ నడిపాను. అప్పుడూ ఇప్పుడూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందివి రెండే రెండు బాధలు. ఒకరు "అన్నా, డిలీట్ చేసినా మళ్లీ కనిపిస్తోంది" అంటారు. ఇంకొకరు "అన్నా, దాచుకున్నవన్నీ పోయాయి" అంటారు. ఒకరికి పోవాల్సింది పోలేదు, ఇంకొకరికి ఉండాల్సింది ఉండలేదు. చూస్తే రెండింటికీ కారణం ఒక్కటే. బ్రౌజర్ మన సంగతులన్నీ ఒకేచోట పెడుతుందని, ఒక్క బటన్ నొక్కితే అన్నీ పోతాయని అనుకుంటారు. నిజానికి కొన్ని మన మెషిన్‌లో ఉంటాయి, కొన్ని మన అకౌంట్‌లో, కొన్ని మనం చూసిన సైటు దగ్గర, కొన్ని నెట్ కనెక్షన్ ఇచ్చిన వాళ్ల దగ్గర. ఏ బటన్ ఏ చోటిని తుడుస్తుందో తెలుసుకుంటే ఈ రెండు బాధలూ చాలావరకు తప్పుతాయి.

అపోహ: హిస్టరీ డిలీట్ చేస్తే ఆ సైటు ఆనవాలే ఉండదు

ఒకమ్మాయి వాళ్ల అక్కని తీసుకుని షాపుకొచ్చింది. ఆ అమ్మాయి పిల్లలు పుట్టడం కోసం చికిత్స తీసుకుంటోంది, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. లాప్‌టాప్ ఇంటిల్లిపాదిదీ. హిస్టరీ మొత్తం తీసేసింది. అయినా అడ్రస్ బార్‌లో రెండు అక్షరాలు కొట్టగానే ఆ ఆసుపత్రి పేరు వచ్చేస్తోంది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

లాప్‌టాప్ తెరిచి చూశాను. అడ్రస్ బార్ కింద వచ్చిన ఆ పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. అంటే అది హిస్టరీలోంచి రావడం లేదు, బుక్‌మార్కుల్లోంచి వస్తోంది. ఎప్పుడో అపాయింట్‌మెంట్ పేజీని మర్చిపోకుండా సేవ్ చేసుకుంది. హిస్టరీ డిలీట్ చేసేటప్పుడు బ్రౌజర్ బుక్‌మార్కుల జోలికి పోదు. ఫైర్‌ఫాక్స్‌లో 2008లో వచ్చిన మూడో వెర్షన్ నుంచీ హిస్టరీ, బుక్‌మార్కులు రెండూ ఒకే ఫైల్లో ఉంటున్నాయి. అయినా హిస్టరీ తుడిచినప్పుడు మీరు ఎప్పుడెప్పుడు వెళ్లారన్న లెక్క మాత్రమే పోతుంది, బుక్‌మార్క్ చేసిన అడ్రస్ అక్కడే ఉంటుంది. క్రోమ్‌లో అయితే అసలు ఫైళ్లే వేరు.

కాబట్టి ఒక్క సైటునే తీసేయాలంటే పని రెండు భాగాలు. బుక్‌మార్క్ ఉంటే ముందు దాన్ని విడిగా తీయాలి. తర్వాత హిస్టరీలో ఆ సైటుది తీయాలి. డెస్క్‌టాప్‌లో అడ్రస్ బార్ కింద వచ్చిన పేరు మీదికి బాణం కీతో వెళ్లి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే హిస్టరీలోంచి వచ్చిన ఆ సూచన పోతుంది. ఫైర్‌ఫాక్స్ హిస్టరీలో ఆ సైటు మీద రైట్ క్లిక్ చేస్తే "ఈ సైటును మర్చిపో" అనే అర్థం వచ్చే ఆప్షన్ ఉంటుంది. అది ఆ సైటు హిస్టరీని, కుకీలని (సైటు మన మెషిన్‌లో పెట్టుకునే చిన్న చీటీలు), క్యాష్‌ని (త్వరగా తెరుచుకోవడానికి దాచిన పేజీల కాపీలు) తీసేస్తుంది. పాత వెర్షన్లలో ఆ సైటుకి సేవ్ చేసిన పాస్‌వర్డ్ కూడా పోయేది. అందుకే పాత వెర్షన్ వాడుతూ పాస్‌వర్డ్ గుర్తులేనివాళ్లు ముందు ఎక్కడైనా రాసుకుని అప్పుడు నొక్కండి. ఇంత చేసినా బుక్‌మార్క్ మాత్రం ఉంటుంది.

ఇంకొకటి. హిస్టరీ తీసేసేటప్పుడు ఎంత కాలానిది అని బ్రౌజర్ అడుగుతుంది. చాలామంది అది చూడకుండానే ఓకే నొక్కేస్తారు. అక్కడ చివరి గంట అని ఉంటే నిన్నటిది నిన్నటిలాగే ఉంటుంది.

"తప్పు చేయనివాళ్లకి దాచుకోవడం ఎందుకు" అని అడిగేవాళ్లకి నేను ఈ అమ్మాయి సంగతే చెబుతాను. ఆవిడ ఏ తప్పూ చేయలేదు. తన మాట తను చెప్పాలనుకున్నప్పుడు చెప్పుకునే హక్కు ఆవిడది.

అపోహ: ఫోన్‌లో తీసేస్తే అకౌంట్‌లోనూ పోయినట్టే

అన్నిసార్లూ కాదు. క్రోమ్‌లో గూగుల్ అకౌంట్‌తో సింక్ (మన డివైజులన్నిటిలో ఒకేలా ఉంచే ఏర్పాటు) పెట్టుకుంటే, ఒక చోట తీసేసిన బ్రౌజింగ్ హిస్టరీ సింక్‌లో ఉన్న మిగతా డివైజుల్లోనూ పోతుంది. కానీ గూగుల్‌లో మీరు వెతికినవి, చూసినవి "మై యాక్టివిటీ" అనే పేజీలో విడిగా నమోదై ఉండొచ్చు. మెషిన్‌లోని హిస్టరీలో 90 రోజులు దాటినదాన్ని క్రోమ్ తనంతట తనే తీసేస్తుంది. మై యాక్టివిటీ లెక్క వేరు. అక్కడ 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు దాటినవి ఆటోమేటిక్‌గా పోయేలా పెట్టుకునే వీలుంది. నేను ఎవరి ఫోన్ సెట్ చేసినా 3 నెలలు పెట్టమనే చెబుతాను. పాత వెతుకులాటలతో మామూలు మనిషికి పనేముంది?

అపోహ: ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు

ఆ మెషిన్‌ని మీ తర్వాత వాడేవాళ్లకి తెలియదు, అంతవరకే. ఇన్‌కాగ్నిటో అంటే హిస్టరీ దాచుకోని ప్రైవేట్ కిటికీ. అలాంటి కిటికీలన్నీ మూసేయగానే హిస్టరీ, కుకీలు పోతాయి. సైటుకి మాత్రం మీరు వచ్చారని తెలుస్తుంది. నెట్ ఇచ్చే కంపెనీకి ఏ సైటుకి వెళ్లారో మామూలుగా తెలుస్తుంది. సైటు హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని తాళం వేసి పంపే పద్ధతి) అయితే లోపల ఏ పేజీ చూశారో, ఏం టైప్ చేశారో వాళ్లకి కనపడదు. డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో ఉండి బుక్‌మార్క్ చేస్తే అది మామూలు బుక్‌మార్కుల్లోకే వెళ్లి కూర్చుంటుంది. ఈ చివరిది తెలియక ఇబ్బంది పడినవాళ్లని చాలామందిని చూశాను.

ఇన్‌కాగ్నిటో గురించి అమెరికాలో గూగుల్ మీద 2020లో కేసు పడింది. 2024లో రాజీకి వచ్చి, పోగైన డేటాలో చాలాభాగం తీసేయడానికి, హెచ్చరికను ఇంకా స్పష్టంగా రాయడానికి గూగుల్ ఒప్పుకుంది. ఇన్‌కాగ్నిటో తెరవగానే వచ్చే ఆ నాలుగు లైన్లు ఒక్కసారైనా ఓపికగా చదవండి. ఏం దాచదో అందులోనే రాసి ఉంటుంది.

ఆఫీసు లాప్‌టాప్ అయితే లెక్కే వేరు. క్రోమ్ మెనూలో కింద "మీ సంస్థ నిర్వహిస్తోంది" అనే అర్థంలో ఒక లైన్ కనిపిస్తే, ఇన్‌కాగ్నిటోని ఆపేసే వీలు, హిస్టరీ డిలీట్ కాకుండా చేసే వీలు రెండూ కంపెనీ చేతిలో ఉన్నట్టు. సొంత పనులు సొంత ఫోన్‌లో చూసుకోవడమే మంచిది.

అపోహ: సింక్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు

నా మట్టుకు నాకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇది.

బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వస్తుంటారు. పాత పత్రికల స్కానింగులు, శతకాలు, నిఘంటువుల పేజీలు అన్నీ ఫైర్‌ఫాక్స్‌లో బుక్‌మార్కులుగా పెట్టుకున్నారు. ఫోల్డర్లు, వాటిలో ఫోల్డర్లు, ఎంతో పద్ధతిగా ఉంటాయి. మనవడు కొత్త లాప్‌టాప్ కొనిచ్చి, అందులో తాతగారి అకౌంట్‌తో సింక్ పెట్టాడు. ఆరువందల పైచిలుకు లింకులు వచ్చి పడేసరికి "ఇదంతా పాత చెత్త" అనుకుని కొత్త లాప్‌టాప్‌లో డిలీట్ చేశాడు. పాత కంప్యూటర్‌లో ఎలాగూ ఉంటాయి కదా అన్నది వాడి ధైర్యం. సాయంత్రం మాస్టారు పాత కంప్యూటర్ ఆన్ చేశారు. పది నిమిషాల్లో అక్కడా ఖాళీ.

సింక్ చేసే పని అదే. అన్ని చోట్లా ఒకేలా ఉంచుతుంది. మీరు చేర్చింది ఎలా చేరుస్తుందో, మీరు తీసేసింది కూడా అంత నమ్మకంగా అన్ని చోట్లా తీసేస్తుంది.

మాస్టారు ఫోన్ చేసి "నాయనా, తొమ్మిదేళ్ల పని" అని ఆగిపోయారు. పాత కంప్యూటర్‌ని ముట్టుకోవద్దని చెప్పి బండి మీద వెళ్లాను. ముందుగా సింక్ ఆపాను. ఫైర్‌ఫాక్స్ మన ప్రమేయం లేకుండానే బుక్‌మార్కుల కాపీలు తీసి, ప్రొఫైల్ ఫోల్డర్‌లో (బ్రౌజర్ మన సంగతులు పెట్టుకునే ఫోల్డర్) 15 దాకా ఉంచుకుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే లైబ్రరీ తెరుచుకుంటుంది. అందులో ఇంపోర్ట్ అండ్ బ్యాకప్, దాని కింద రీస్టోర్. అక్కడ తేదీలు వరసగా ఉంటాయి. ప్రతి తేదీ పక్కన ఆ ఫైలు ఎంత ఉందో, అందులో ఎన్ని ఐటెమ్‌లు ఉన్నాయో కనిపిస్తుంది. ఆ రోజుదానిలో పట్టుమని పది లేవు. నాలుగు రోజుల కిందటిదాని పక్కన ఆరువందల పైన అంకె. దాని మీద క్లిక్ చేశాను. ఇప్పుడున్న బుక్‌మార్కులన్నీ పోయి ఇవి వస్తాయి, సరేనా అని అడిగింది. సరే అన్నాను. శతకాల ఫోల్డర్ తెరుచుకోగానే మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు.

క్రోమ్ డెస్క్‌టాప్‌లో ఇంత వెసులుబాటు లేదు. ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఒకే ఒక్క పాత కాపీ ఉంటుంది. కంగారుపడి క్రోమ్‌ని మూస్తూ తెరుస్తూ ఉంటే ఆ కాపీ మీద కూడా కొత్తది పడిపోతుంది. అందుకే పోయాయని తెలిసిన క్షణం నెట్ తీసేసి, క్రోమ్ మూసేసి, ముందు ఆ ఫోల్డర్‌ని వేరేచోటికి కాపీ చేయండి. బాగుచేయడం తర్వాత చూసుకోవచ్చు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎవరి కంటా పడకూడదని ఫైర్‌ఫాక్స్‌లో ఒక బుక్‌మార్క్ తీసేస్తే, అది ఆ పాత కాపీల్లో ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఆ చికిత్స తీసుకునే అమ్మాయి లాంటి వాళ్లకి ఈ సంగతి కూడా తప్పకుండా చెబుతాను.

అపోహ: నెట్ సెంటర్‌లో మెయిల్ లాగౌట్ చేస్తే చాలు

కౌన్సెలింగ్ రోజుల్లో, హాల్ టికెట్లు వచ్చే రోజుల్లో నెట్ సెంటర్ కిటకిటలాడుతుంది. పిల్లలు హడావిడిలో మెయిల్ తెరుస్తారు. క్రోమ్ సింక్ ఆన్ చేయమంటావా అని అడిగితే చదవకుండా సరే అంటారు. దాంతో ఇంట్లో సేవ్ చేసుకున్న బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఆ మెషిన్‌లోకి దిగిపోతాయి. ఆ తర్వాత మెయిల్ లాగౌట్ చేసినంత మాత్రాన అవి ఖాళీ అవుతాయని నమ్మడానికి లేదు.

బయటి మెషిన్‌లో క్రోమ్ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి గెస్ట్ విండో తెరవండి. పనయ్యాక గెస్ట్ కిటికీలన్నీ మూసేస్తే అందులోని హిస్టరీ, కుకీలు పోతాయి. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసి ఉంటే దాన్ని మాత్రం మీరే డిలీట్ చేయాలి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మర్చిపోయి వచ్చేశారా? ఫోన్‌లో గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలోకి వెళ్లి "మీ డివైజులు" దగ్గర ఆ మెషిన్‌ని సైన్ ఔట్ చేయండి. పాస్‌వర్డ్‌లు కూడా మార్చుకోండి, ముఖ్యంగా బ్యాంకువి.

అపోహ: కుకీలంటే వైరస్‌లు

కాదు. కుకీ చిన్న చీటీ లాంటిది, దానంతటది ఏ ప్రోగ్రామూ నడపలేదు. రోజూ అన్ని కుకీలూ తుడిస్తే రోజూ అన్ని చోట్లా లాగిన్ అవ్వాల్సి వస్తుంది. మీరు చూసే సైటువి కాకుండా అందులో వేరే కంపెనీలు పెట్టే కుకీలు మాత్రం సెట్టింగుల్లో ఆపేయండి.

అపోహ: బుక్‌మార్క్ అంటే ఉత్త అడ్రసే

క్రోమ్ బుక్‌మార్కుల ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. పేరు, అడ్రస్‌తో పాటు మీరు దాన్ని ఎప్పుడు సేవ్ చేశారో కూడా ఉంటుంది. అది పొడవాటి అంకెలా కనిపిస్తుంది, 1601 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన మైక్రోసెకన్లు. బుక్‌మార్కులన్నిటినీ ఒక ఫైలుగా బయటికి తీసుకుంటే (ఎక్స్‌పోర్ట్), ఆ ఫైలులోనూ తేదీ ఉంటుంది. ఆ ఫైలు మొదటి లైన్లో ఇప్పటికీ నెట్‌స్కేప్ పేరు ఉంటుంది. ఆ బ్రౌజర్‌కి 2008లోనే సపోర్ట్ ఆగిపోయినా, అన్ని బ్రౌజర్లూ చదవగలిగేది దాని పద్ధతినే.

నేను బ్యాకప్ తీసుకోమని చెప్పేది ఈ ఎక్స్‌పోర్ట్ ఫైలునే. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. కానీ దానికి తాళం ఉండదు, ఎవరు తెరిచినా మొత్తం కనిపిస్తుంది. స్నేహితుడు నాలుగు మంచి సైట్లు అడిగాడని ఫైలు మొత్తం వాట్సాప్‌లో పంపకండి. "లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని పెట్టిన డాక్యుమెంట్ల లింకులు అందులో ఉంటే, ఆ డాక్యుమెంట్లు కూడా ఇచ్చేసినట్టే. ఆ నాలుగు సైట్ల అడ్రస్‌లు విడిగా కాపీ చేసి పంపండి.