మైనస్ అంటే లోటు కాదు: ఎలక్ట్రాన్ ఆవేశంపై అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, అపోహలు మాత్రం పాతవే.

అపోహ: ఎలక్ట్రాన్‌ది మైనస్ ఆవేశం (చార్జ్) కాబట్టి దానిలో ఏదో తక్కువైంది.

తప్పు పిల్లలది కాదు, పేరుది. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును ఒక ద్రవంలా ఊహించాడు. అది ఎక్కువైన చోట ప్లస్, తగ్గిన చోట మైనస్ అన్నాడు. పట్టుగుడ్డతో రుద్దిన గాజుకడ్డీకి ప్లస్ వచ్చింది. నిజానికి జరిగింది తలకిందులు: ఎలక్ట్రాన్లే గాజును వదిలి పట్టుగుడ్డకు చేరాయి. ఎలక్ట్రాన్ అనేదొకటి ఉందని 1897లో జె.జె. థామ్సన్ చూపించేసరికి లెక్కలన్నీ పాత గుర్తులతోనే స్థిరపడిపోయాయి. అందుకే ఇప్పటికీ కరెంటు బాణం గుర్తు ఒకవైపు వేస్తాం, తీగలో ఎలక్ట్రాన్లు రెండోవైపు నడుస్తాయి. ఫ్రాంక్లిన్ బొమ్మా బొరుసా వేసి ఓడిపోయాడని క్లాసులో అంటుంటాను. గుర్తులు రెండూ తారుమారు చేసి రాసుకున్నా ఒక్క బల్బు కూడా ఆరిపోదు.

అపోహ: రుద్దితే ఆవేశం పుడుతుంది.

పుట్టదు, చేతులు మారుతుంది. దువ్వెనకు ఎంత మైనస్ వస్తే జుట్టుకు అంత ప్లస్ మిగులుతుంది. మా కోనసీమ ఉక్కపోతలో ఈ ప్రయోగం తరచూ పరువు తీస్తుంది. తేమకు దువ్వెన మీద పలుచటి నీటిపొర పట్టి ఆవేశం జారిపోతుంది. ఏసీ గదిలో చేస్తే కాగితం ముక్కలు ఎగిరొచ్చి అంటుకుంటాయి.

అపోహ: ప్రోటాన్ బరువైనది కాబట్టి దాని ఆవేశం కూడా ఎక్కువ.

ఇది నాకిష్టమైన అపోహ, ఎందుకంటే కొబ్బరికాయతో చెప్పొచ్చు. ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు. ఆవేశం పరిమాణం మాత్రం రెండింటికీ ఒకటే, 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులు. ఈ రెండింటికీ వంద కోట్లలో ఒక వంతు తేడా ఉందనుకోండి. కిలోన్నర బరువున్న కొబ్బరికాయలు రెండింటిని మీటరు దూరంలో పెడితే, వాటిలో రద్దవకుండా మిగిలిన ఆవేశం వల్ల వేల టన్నుల బలంతో ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి! రాశిగా పోసిన కాయలు కదలకుండా ఉన్నాయంటే ఆ సమానత్వం ఎంత కచ్చితమో చూడండి. ప్రయోగాల్లో ఇంతకంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా వెతికినా తేడా దొరకలేదు.

న్యూట్రాన్‌లో ఆవేశమే లేదనడం సగం నిజం. మొత్తం సున్నాయే, కానీ లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలు మూడున్నాయి; ప్రోటాన్ ఆవేశాన్ని 1 అనుకుంటే వాటిలో ఒకదానికి +2/3, రెండింటికి -1/3 చొప్పున ఉంటుంది. ఆవేశం లేకపోయినా న్యూట్రాన్ చిన్న అయస్కాంతంలా ప్రవర్తించడం ఈ లోపలి నిర్మాణం వల్లే. విడి క్వార్కును ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

అపోహ: స్విచ్ వేయగానే ఎలక్ట్రాన్లు సబ్‌స్టేషన్ నుంచి పరిగెత్తుకొస్తాయి.

“ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలితే మా శివారు చేలకు చేరడానికి రోజులు పడుతుంది, కరెంటు క్షణంలో ఎలా వస్తుంది సార్?” అని ఒకడు అడిగాడు. చక్కటి ప్రశ్న. వేసవిలో కాలువ కట్టేస్తే ఎండిపోతుంది, తీగ మాత్రం ఎప్పుడూ ఎలక్ట్రాన్లతో నిండే ఉంటుంది, స్విచ్ వేయగానే అవన్నీ దాదాపు ఒకేసారి కదులుతాయి. రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్‌ను తిప్పే ఎలక్ట్రాన్లు ఆ మోటారు రాగిచుట్టలో ముందునుంచీ ఉన్నవే. ఏసీ కరెంటుకు (దిశ మారుతూ ఉండే కరెంటు) అవి సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి, అదీ సుమారు మిల్లీమీటరులో వెయ్యో వంతు మేర.

“మరి బిల్లెందుకు సార్?” అన్నాడు వెనక బెంచీ నుంచి ఓ ఆక్వా రైతు కొడుకు. ఎలక్ట్రాన్లు మీవేరా, బిల్లు వాటిని ఊపే శక్తికి అన్నాను.