మన ఎండలో ఇంటి ముందు లాన్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్ల ముందు లాన్ వేసి, ఆ తర్వాత చూసుకునే పని నాది. ఏ ఇంటికెళ్లినా ఇంచుమించు అవే మాటలు వినపడతాయి. వాటిని నమ్మి డబ్బులు, అంతకంటే విలువైన బోరు నీళ్లు పోగొట్టుకుంటున్నారు. అది చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: అమెరికాలో పిల్లలు చేసినట్టే మనమూ చెయ్యాలి.

"మా పెద్దోడు షికాగో నుంచి ఫోన్ చేసిండు తమ్మీ, చలి మొదలుగాక ముందే విత్తనం చల్లి ఎరువు వెయ్యాలంట" అంటారు పెద్దాయన. అబ్బాయి చెప్పింది అక్కడికి నూటికి నూరుపాళ్లు నిజం. ఆ వైపు వేసేవి కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రై గడ్డి. వాటికి 15 నుంచి 24 డిగ్రీల చల్లదనం కావాలి. అందుకే ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో విత్తనం చల్లి, మంచు పడేలోపు వేరు పట్టనిస్తారు. చలికాలమంతా ఆ గడ్డికి ఎదుగుదల ఉండదు. మన మే నెల ఎండకు అది బతకదు. మనం వేసే మెక్సికన్ గ్రాస్, కొరియన్ గ్రాస్, సెలెక్షన్ వన్ వేడిని ఇష్టపడే రకాలు. అమెరికాలో వేడి రాష్ట్రాల వాళ్లు బెర్ముడా అని లాన్‌గా పెంచేది మన వినాయకుడి పూజ గరికనే. ఇవన్నీ మృగశిర కార్తె వానలతో లేచి సెప్టెంబరు దాకా బాగా ఎదుగుతాయి. డిసెంబరు, జనవరిలో కాస్త వెలిసినట్టు కనిపించడం వాటి స్వభావం. అప్పుడు కంగారుపడి యూరియా చల్లకండి. ఎరువు వెయ్యాల్సింది వానాకాలంలో.

అపోహ: రోజూ సాయంత్రం పైపుతో తడిపితే చాలు.

అన్నింటికంటే ఎక్కువ లాన్లు పాడయ్యేది ఇక్కడే. రోజూ పైపైన తడిపితే తడి అంగుళం దాటదు, వేరు కూడా ఆ అంగుళంలోనే ఉండిపోతుంది. ఒక్కరోజు కరెంటు పోయి మోటరు నడవకపోతే గడ్డి మాడిపోతుంది. నీళ్లు తక్కువసార్లు, లోతుగా పట్టాలి. 100 చదరపు అడుగులకు అర అంగుళం నీళ్లంటే సుమారు 120 లీటర్లు. మీ పైపుతో 20 లీటర్ల బకెట్ ఒక నిమిషంలో నిండితే, ఆ జాగాకు ఆరు నిమిషాలు పట్టాలన్నమాట. కాసేపాగి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. నాలుగైదు అంగుళాలు సులువుగా దిగితే తడి అందినట్టే. ఎండాకాలం రెండు మూడు రోజులకోసారి, చలికాలం వారానికోసారి చాలు. పట్టేది తెల్లవారుజామున. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్లు వస్తాయి.

అపోహ: ఫ్లోరైడ్ నీళ్లకు గడ్డి పసుపు రంగుకు తిరుగుతోంది.

ఫ్లోరైడ్ మన నల్లగొండ జిల్లాలో ఎంతమంది ఎముకలను వంచిందో కళ్లారా చూసినవాళ్లం, ఆ భయం ఊరికే రాలేదు. కానీ లాన్ పసుపు పచ్చగా మారడానికి సాధారణంగా కారణం వేరే ఉంటుంది. మన బోరు నీళ్లలో క్షారగుణం, లవణాలు ఎక్కువ. నేలలో ఇనుమున్నా వేరుకు అందదు. లేత ఆకులు ముందు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ముదురు ఆకులు ముందు పాలిపోతే నత్రజని లోపం. మొదటిదానికి యూరియా ఎంత వేసినా లాభం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లపూట పిచికారీ చెయ్యండి. గచ్చు మీద, టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త. ఫ్లోరైడ్‌కు తట్టుకోలేనివి డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి కుండీ మొక్కలు, వాటి ఆకు కొసలు మాడతాయి. వాటికి వాన నీళ్లు పోయండి. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు లాన్‌కు పెట్టకండి. వాటిలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది.

అపోహ: తుంగను కనపడ్డప్పుడల్లా పీకేస్తే పోతుంది.

పీకితే చేతికొచ్చేది ఆకులే. గడ్డపారతో లోతుగా తీసి చూడండి: నల్లటి గడ్డ, దానికి దారం లాంటి వేరు, ఆ దారం చివర ఇంకో గడ్డ. పైన తెంపినప్పుడల్లా కింది గడ్డలు మళ్లీ మొలుస్తాయి. మన రైతుల వేసవి దుక్కే దీనికి మందు. లాన్ వెయ్యకముందు ఏప్రిల్, మే నెలల్లో నేలను అడుగు లోతు తిరగేసి, తేలిన గడ్డలను ఏరి, మిగిలినవి ఎండకు ఎండనివ్వాలి. తర్వాత ఒక తడి పెట్టి, మొలిచినవాటిని గడ్డతో సహా తియ్యాలి. ఇంత చేసినా, పరవడానికి తెచ్చే గడ్డి కార్పెట్ ముక్కలతోనే తుంగ మళ్లీ రావచ్చు, అందుకే వ్యాన్‌లోంచి దింపేటప్పుడు ముక్కలు తిరగేసి అడుగు చూడండి. మాగని పశువుల పెంట వేసినా కలుపు విత్తనాలు, వేరు పురుగు కలిసి వస్తాయి.

అపోహ: పైన చెరువు మట్టి పోస్తే లాన్ బలపడుతుంది.

చేనుకు చెరువు మట్టి బంగారమే. లాన్ మీద పొరలా పోస్తే మాత్రం ఎండకు గట్టి పెళ్లై, నీళ్లు కిందికి దిగక పక్కకు పారిపోతాయి. వెయ్యదలిస్తే మొదట్లోనే, కింది చలక మట్టిలో బాగా కలిపెయ్యాలి. అంతకన్నా ముందు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు ఎత్తిపోయించండి. వాటిమీదే నాలుగంగుళాల ఎర్రమట్టి కప్పి లాన్ పరిచే చోట ఏ గడ్డీ రెండో ఎండాకాలం దాటదు.

అపోహ: పొట్టిగా కోస్తే మళ్లీ మళ్లీ కొయ్యనక్కర్లేదు.

ఒకసారికి ఆకులో మూడో వంతుకు మించి కొయ్యకూడదు. ఎండాకాలం ఇంకొంచెం ఎత్తు వదలండి, గడ్డి నీడే నేలలో తడిని కాస్తుంది.

చివరగా, వేప చెట్టు కింద లాన్ పరచమని అడుగుతుంటారు. రోజుకు ఆరు గంటల ఎండ తగలని చోట గరిక జాతి నిలవదు. ఆ జాగాలో సింగోనియం, స్నేక్ ప్లాంట్ పెట్టుకుని, రాలిన ఆకును అక్కడే వదిలెయ్యండి.