లెన్స్ ఊడే కెమెరా, ఊడని కెమెరా

తెనాలి
ఆదివారం

బుజ్జీ, చిన్నోడా,

మొన్న వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి వాదించుకుంటుంటే నాకు సగమే వినబడింది. అర్థమైనంతవరకు, చిన్నోడు మిర్రర్‌లెస్ కొనాలంటాడు, బుజ్జి పెద్ద సెన్సర్ (రీలు బదులు బొమ్మ పట్టే చిప్పు) ఉన్న కాంపాక్ట్ కొనాలంటుంది, డబ్బు ఇచ్చేది మీ నాన్న, తీర్పు చెప్పేది మాత్రం తాతయ్య. నేను రీళ్లు కడిగిన కాలం మనిషిని. అయినా మీ బాబాయి పెళ్లిళ్ల పనికి కొన్న మిర్రర్‌లెస్సూ, అత్తయ్య నాకని తెచ్చిన కాంపాక్టూ రెండేళ్లుగా నా చేతుల్లో నలుగుతూనే ఉన్నాయి. ఫోన్లో చెబుదామంటే మధ్యలో అడ్డం వస్తారు, అందుకే ఉత్తరం.

ముందు ఆ పేరు సంగతి. మిర్రర్‌లెస్ అంటే అద్దం లేనిది. అలాగైతే కాంపాక్టులోనూ అద్దం లేదు, మీ ఫోన్లోనూ లేదు. ఆ పేరు దాని ముందు తరం కెమెరాను బట్టి వచ్చింది. నా నికాన్ ఎఫ్ఎం2 చూశారుగా, బటన్ నొక్కితే ఠప్‌మంటుంది. అందులో లెన్స్ వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మను పైకి మన కంటికి పంపుతుంది. నొక్కగానే పైకి లేచి రీలుకు దారి ఇస్తుంది. అది లేచి పడటానికి చోటు కావాలి కదా, అందుకని లెన్స్ బిగించే రింగు నుంచి రీలు దాకా 46.5 మిల్లీమీటర్లు ఖాళీ వదిలారు. డిజిటల్ వచ్చాక కూడా చాలా ఏళ్లు అదే అద్దం, అదే ఖాళీ. 2008లో పానసోనిక్ జీ1 అద్దం తీసేసి, లెన్స్ మార్చుకునే వీలు మాత్రం ఉంచింది. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు. నికాన్ వాళ్లు 2018లో తెచ్చిన జెడ్ కెమెరాల్లో ఆ ఖాళీ 16 మిల్లీమీటర్లే. సోనీ వాళ్ల 'E' మౌంట్‌ (లెన్స్ బిగించే రింగు) కెమెరాల్లో 18.

కాబట్టి మీరు తగువులాడుకుంటున్న రెండు కెమెరాలకీ తేడా అద్దం కాదు. ఒకదానికి లెన్స్ ఊడుతుంది, ఇంకోదానికి ఊడదు. మిగతా తేడాలు చాలావరకు దీనిలోంచే పుడతాయి.

"సెన్సర్ పెద్దదైతే ఫొటో బాగుంటుంది, మిర్రర్‌లెస్ సెన్సరే పెద్దది" అన్నాడు చిన్నోడు. మొదటి మాట చాలావరకు నిజం. రెండోది అన్నిసార్లూ కాదు. పాత రీలు నెగెటివ్ 36 అడ్డం, 24 నిలువు మిల్లీమీటర్లు. అంత సెన్సర్ ఉంటే ఫుల్ ఫ్రేమ్ అంటారు. దానికంటే చిన్నది ఏపీఎస్-సీ, సుమారు 23.5 ఇంటూ 15.6. మీ నాన్న బడ్జెట్‌లో వచ్చే మిర్రర్‌లెస్సుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. ఇంచుమించు ఇదే సైజు సెన్సర్‌ను 2011లో ఫూజీ ఎక్స్100లో, 2013లో రికో జీఆర్‌లో పెట్టారు. రెండూ లెన్స్ ఊడని కాంపాక్టులే. సోనీ అయితే 2012లో ఆర్ఎక్స్1 అని ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌నే కాంపాక్టులో కూర్చింది.

ఇక ఒక అంగుళం సెన్సర్ అనే రకం ఉంది. 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100తో బాగా పేరుపడింది. స్కేలు పెట్టి కొలిస్తే దాంట్లో అంగుళం ఎక్కడా కనబడదు. 13.2 ఇంటూ 8.8 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకు కొలిచినా 16 దాటదు. పూర్వం టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి. గొట్టం బయటి మందం అంగుళమైతే లోపల బొమ్మ పడే చోటు దాంట్లో మూడింట రెండొంతులు. గొట్టాలు పోయినా ఆ లెక్క పోలేదు. హైదరాబాదులో ఫ్లాటు అమ్మేవాడు సూపర్ బిల్టప్ ఏరియా చెబుతాడే, మంచం వేసుకునేది మాత్రం కార్పెట్ ఏరియాలో, అచ్చం అలాగే. ఏపీఎస్-సీ విస్తీర్ణంలో ఈ అంగుళం సెన్సర్ మూడో వంతు కంటే కొంచెం తక్కువ.

అయితే చిన్నోడు గెలిచినట్టేనా? ఆగండి. సెన్సర్ ఎంత పెద్దదైనా వెలుతురు వచ్చేది లెన్స్ కన్నంలోంచే. మిర్రర్‌లెస్ కొంటే పెట్టెలో మామూలుగా కిట్ లెన్స్ ఒకటి ఇస్తారు, 18-55 మిల్లీమీటర్ల జూమ్ అనుకోండి. ఈ అంకె లెన్స్ ఫోకల్ లెంత్, చిన్నదైతే దృశ్యం వెడల్పుగా వస్తుంది, పెద్దదైతే దూరపుది దగ్గరికొస్తుంది. 18 దగ్గర దాని అపెర్చర్ 3.5. అంటే పద్దెనిమిదిని మూడున్నరతో భాగిస్తే వచ్చేదే కన్నం సైజు, సుమారు 5.1 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆ మొదటి ఆర్ఎక్స్100 తీసుకోండి. ఇంచుమించు అంతే వెడల్పు దృశ్యానికి దాని లెన్స్ 10.4 మిల్లీమీటర్లు, అపెర్చర్ 1.8. భాగించండి. 5.8 వస్తుంది. ఒకే దృశ్యానికి ఏ కన్నం పెద్దదైతే దాంట్లోంచే ఎక్కువ వెలుతురు. అంటే మూడో వంతు సెన్సర్ ఉన్న ఆ బుల్లి డబ్బా, కిట్ లెన్స్ తగిలించిన మిర్రర్‌లెస్ కంటే కొంచెం ఎక్కువే తాగుతోంది! నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నమ్మలేక క్యాలిక్యులేటర్ తీశాను. జూమ్ చేసుకుంటూ చివరికి పోతే మాత్రం ఫలితం తిరగబడుతుంది. కాంపాక్టు 7.6 దగ్గర ఆగిపోతుంది, కిట్ లెన్స్ 9.8కి పోతుంది.

ఎక్స్100 రకం సంగతి ఇంకా ముచ్చట. 23 మిల్లీమీటర్లు, అపెర్చర్ 2. కన్నం 11.5. అదే 23 దగ్గర కిట్ లెన్స్ అపెర్చర్ సుమారు 4, కన్నం దీంట్లో సగం. కన్నం సగమైతే వెలుతురు నాలుగో వంతు. సెన్సర్లు రెండూ ఒకటే సైజు. సాయంత్రం ఇంట్లో బల్బు కింద అమ్మమ్మ పూలు కడుతుంటే ఫొటో తీయండి, బుజ్జి కెమెరాలో అమ్మమ్మ ముఖం నున్నగా ఉంటుంది, చిన్నోడి కెమెరాలో రవ్వ చల్లినట్టుంటుంది.

అంతమాత్రాన గంతులేయకు బుజ్జీ. చిన్నోడు ఆ కిట్ లెన్స్ ఊడదీసి 50 మిల్లీమీటర్ల 1.8 లెన్స్ ఒకటి తగిలించాడనుకో. ఆ కన్నం దాదాపు 28 మిల్లీమీటర్లు. వెనకదంతా వెన్నలా కరిగిపోయి మనిషి ఒక్కడే నిలబడే ఫొటోలు చూస్తారే, బ్లర్ బ్లర్ అని, అవి అక్కడ పుడతాయి. అందుకే మిర్రర్‌లెస్ కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బాడీ కొనడమంటే స్థలం కొనడం. ఇల్లు కట్టడానికి వేరే డబ్బు కావాలి. కిట్ లెన్స్ పాకతో ఏళ్లతరబడి కాలక్షేపం చేసేవాళ్లను చాలామందిని చూశాను, వాళ్లలో సగం మంది నా దగ్గరికొచ్చి "అంకుల్, ఫోనే బాగా తీస్తోంది" అన్నవాళ్లే.

లెన్స్ ఊడకపోతే కలిసొచ్చేది ఇంకోటి ఉంది, కంపెనీలు దాన్ని ఎందుకు గట్టిగా చెప్పుకోవో తెలీదు. ఇలాంటి కాంపాక్టుల్లో చాలావాటికి షట్టర్, అంటే వెలుతురును క్షణంపాటు వదిలి మూసే తలుపు, లెన్స్ లోపలే ఉంటుంది, రేకులు రేకులుగా. దానికి చప్పుడు దాదాపు ఉండదు. కిందటి మాఘమాసంలో మన వీధి చివర పెళ్లి. జీలకర్రా బెల్లం వేళ నేను పురోహితుడి పక్కన పీట మీద కూర్చుని కాంపాక్టుతో తీశాను. తెర పట్టుకున్న పెళ్లికూతురి మేనమామకే తెలీలేదు, ఆయన కళ్లలో నీళ్లు కూడా పడ్డాయి ఫొటోలో. బాబాయి కెమెరా కూడా చప్పుడు చేయకుండా తీయగలదు, ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే. పెట్టాడు. ఇంటికొచ్చి చూస్తే స్టేజీ ఫొటోలన్నిటా అడ్డంగా నల్లచారలు, మంగళగిరి చీర అంచులా. మన కరెంటు మీద నడిచే ఎల్ఈడీ దీపాలు కొన్ని సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ బొమ్మను పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. దీపం మసకేసినప్పుడు చదివిన వరసలు నల్లగా వస్తాయి. వాడి తప్పు లేదు, కెమెరా తప్పూ లేదు, డెకరేషన్ వాడి దీపాలు అలాంటివి. ఆ రోజు నుంచి వాడు ఠకఠకలాడించే షట్టర్‌నే వాడుతున్నాడు.

ఇప్పుడు నా కాంపాక్టుకు నేను చేసిన పాపం. గుంటూరు మిర్చి యార్డు ఫొటోలు తీయాలని ఎన్నాళ్లనుంచో కోరిక. మార్చి నెలలో వెళ్లాను. బస్తాలు విప్పి కుప్పలు పోస్తున్నారు, ఎర్రటి ధూళి గాల్లో తేలుతోంది, అందరికీ తుమ్ములు. నా కెమెరా స్విచ్ వేస్తే ముక్కు బయటికి వస్తుంది, ఆపితే లోపలికి పోతుంది. బ్యాటరీ మిగులుతుందని ఫొటో ఫొటోకీ ఆపాను. నేను చేసిందేమిటో తెలుసా? కొలిమి తిత్తి ఊదినట్టు, ఆ ముక్కుతో గాలిని లోపలికి, బయటికి, లోపలికి. గాలితోబాటు మిరప ధూళి. రెండ్రోజుల తర్వాత కృష్ణ ఒడ్డున ఆకాశం తీస్తే నాలుగు మచ్చలు, ఏ ఫొటోలో చూసినా అదే చోట. అపెర్చర్ 2 దగ్గర కనబడవు, 8కి, 11కి పోతే ఒక్కొక్కటీ తేలుతుంది.

మిర్రర్‌లెస్ అయితే లెన్స్ తీసి, కెమెరాను బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో నాలుగు ఊదులు ఊదితే చాలావరకు పోతుంది. లెన్స్ మార్చేటప్పుడు ధూళి పడే అవకాశం దానికే ఎక్కువ, కానీ దులుపుకునే దారి కూడా దానికే ఉంది. కాంపాక్టుకు ఆ తలుపు లేదు. సర్వీసుకు పంపాలి, ముక్కంతా విప్పాలి. పంపాను. ఐదు వారాలు పట్టింది, బిల్లు చూసి అమ్మమ్మ మూడు రోజులు మాట్లాడలేదు.

ధూళి పోతే తేమ. మన కోస్తాలో వానాకాలం లెన్సులకు బూజు పడుతుంది. టార్చి వేసి చూస్తే సన్నటి సాలెగూడులా కనబడుతుంది. లెన్స్ ఊడేదైతే ఆ ఒక్క లెన్సూ మరమ్మతుకు పోతుంది. ఊడనిదైతే కెమెరా మొత్తం పోతుంది. బీరువాలో నాఫ్తలీన్ ఉండలతో పెట్టడం కాదు, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, ఆ గింజలు రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టండి. వాడకుండా దాచడం కంటే వారానికోసారి బయటికి తీయడం మంచిది.

ఇక మీ తగువు. చిన్నోడా, నీకు ఉప్పలపాడు చెరువులో పక్షులు కావాలి. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ చెరువు నడిమి చెట్ల మీద ఉంటాయి, మనం గట్టు మీద ఉంటాం. ఎక్స్100తో తీస్తే గూడబాతు ఆవగింజంత వస్తుంది. 300 మిల్లీమీటర్లయినా కావాలి, ఎగిరే పక్షి కంటిని వెంటాడి పట్టే ఫోకస్ కావాలి. అదంతా ఇప్పటి మిర్రర్‌లెస్సుల్లో బ్రహ్మాండంగా ఉంది, మా రోజుల్లో అరచేత్తో లెన్స్ తిప్పుతూ ముప్ఫయ్యారు ఫొటోల రీల్లో రెండు నిలబడితే గొప్ప. నువ్వు మిర్రర్‌లెస్సే కొను. బాడీ పాతదైనా, సెకండ్‌హ్యాండ్‌దైనా ఫరవాలేదు, మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టు.

బుజ్జీ, నువ్వు మెట్రోలో కాలేజీకి పోయి వస్తూ, కోఠీలో పుస్తకాలు తిరగేస్తూ, ఛాయ్ బండి దగ్గర ఆగుతూ తీస్తావు. అక్కడ పెద్ద లెన్స్ తీస్తే జనం నవ్వు ముఖం పెట్టుకుని నిలబడిపోతారు, లేదా ఎందుకు తీస్తున్నావని అడుగుతారు. నీకు కాంపాక్టే. కానీ జూమ్ ఉన్న అంగుళం రకమా, జూమ్ లేని ఎక్స్100, జీఆర్ రకమా అన్నది నువ్వే తేల్చుకోవాలి. జీఆర్‌కు కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. ఎండలో వెనక స్క్రీన్ సరిగా కనబడక చికాకు పడతావు. కానీ రెండు మీటర్లకు ఫోకస్ ముందే కట్టేసుకుంటే, నొక్కడమే తరువాయి. ఒక నెల నీ ఫోన్లో జూమ్ ముట్టుకోకుండా 1x అని ఉండే మామూలు కెమెరాతోనే తీసి చూడు. ఊపిరాడనట్టుంటే జూమ్ ఉన్నది కొను.

నా ఎఫ్ఎం2 లెన్స్ చిన్నోడికి. 50 మిల్లీమీటర్ల 1.8, అదే ఆ 28 మిల్లీమీటర్ల కన్నం. సోనీ బాడీ కొంటే మధ్యలో 28.5 మిల్లీమీటర్ల అడాప్టర్ గొట్టం ఒకటి చాలు, అద్దం వదిలి వెళ్లిన ఖాళీ అంతే. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు బీరువా పై అరలోంచి తీసుకో. అంచున కొంచెం బూజు ఉంది, ఫొటోలో కనబడదు.

బుజ్జి నా కాంపాక్టు ఒక నెల వాడి చూడొచ్చు, శుక్రవారం బస్సుకు పంపుతాను. పైన కుడి మూల ఒక మచ్చ ఇంకా మిగిలింది. ఆకాశం తీసేటప్పుడు అక్కడ ఒక కొమ్మో, కరెంటు తీగో వచ్చేట్టు నిలబడు.

ఆశీస్సులతో,
తాతయ్య